పొలిమేర అవతలి పేరు

నల్లపాడు,
నవంబరు 9

వెంకటేశ్వరమ్మకు,

నీ కొడుకు లక్ష్మీకాంత్ పంపిన కార్డు అందింది. మందపాటి కాగితం, బంగారు అంచు. జమ్మిపాలెంలో ఫాల్గుణ మాసంలో కొత్త బొడ్రాయి నిలబెడుతున్నారట. ఊరి ఆడపడుచులందరూ వచ్చి రాయి మీద నీళ్లు పోసి చీర అందుకోవాలట. కింద ఆడపడుచుల పేర్లు వరసగా అచ్చు వేయించాడు. హైదరాబాదులో పుట్టి మన ఊరి మట్టి తొక్కని పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. నా కూతురు జ్యోతిర్మయి పేరు లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను. అక్కడ షామియానా కంపెనీ ప్రకటన ఉంది.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. కాగితం మీద ఇద్దరం కాస్త మర్యాదగా ఉంటాం.

పోయినసారి బొడ్రాయి పండగ నాకు బాగా గుర్తుంది. నీళ్లు పోయడం అయ్యేదాకా ఊరు కట్టేస్తారు కదా, లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. నేనూ మీ వదిన సిద్దికా చంటిపిల్ల జ్యోతిర్మయిని ఎత్తుకుని వచ్చాం. మన పెదనాన్న పొలిమేర గీత దగ్గర కర్ర అడ్డం పెట్టి, "కోడలంటే పందిట్లో ముడి పడి వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వచ్చింది కాదు" అన్నాడు. సిద్దికా తండ్రి నన్నే సాహెబ్ ఏటా దర్శి నుంచి వచ్చి మన ఊళ్లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకుని లేచి వచ్చిన మనిషే ఆ కర్ర పట్టుకున్నాడు. పెదనాన్న పోయాడు, సిద్దికా పోయింది, కర్ర మాత్రం నీ కొడుకు చేతికి వచ్చినట్టుంది.

నేను రాను. నాకు వేరే పని ఉంది. గుండెకు స్టెంటు వేసిన తర్వాత జ్యోతిర్మయి నా సైకిల్‌ని పాత ఇనుముకు ఇచ్చేసింది. సొంత సైకిల్ తీసేయగలిగింది గాని అద్దె సైకిళ్ల మీద ఆమెకు అధికారం లేదు. నల్లపాడులో రైలెక్కి ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ దిగి, ఒక సైకిల్ అద్దెకు తీసుకుని, మన జిల్లాల్లో మిగిలిన బౌద్ధుల గుళ్లు చూసి వస్తున్నాను. పోయిన వారం నరసరావుపేటలో దిగి చేజర్ల వెళ్లాను. మధ్యలో రెండుచోట్ల సైకిల్‌ని ఆటో మీద వేసుకున్నాను, అది ఎవరికీ చెప్పకు. అక్కడి కపోతేశ్వరస్వామి గుడి వెనకవైపు ఏనుగు పడుకున్నట్టు గుండ్రంగా ఉంటుంది. అది బౌద్ధులు చైత్యాలు కట్టిన తీరు. లోపల లింగం, బయట బుద్ధుడి ఇల్లు. మా కాలేజీలో చరిత్ర చెప్పినాయన బస్సు కిటికీలోంచి ఇలాంటివి నాలుగు చూసి పుస్తకం రాసి శాలువా కప్పించుకున్నాడు. నేను కాళ్లతో చూస్తున్నాను.

యల్లమంద

*

జమ్మిపాలెం,
నవంబరు 21

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నా. గ్యాసు పొయ్యి కదా, కుదరలా. అందుకని మళ్లీ చదివాను.

నీకు పుస్తకాలు చదివిన కోపం. ఇక్కడివాళ్లది పంట పోయిన భయం. నల్లతామర పురుగు వచ్చిన కాడి నుంచి మిరప పూత నిలవటం లేదు. మందు కొట్టి కొట్టి మొగాళ్ల చేతులు పొక్కిపోయినాయి. ఎవరో సిద్ధాంతి వచ్చి రాయికి బీట పడింది, ఊరి బొడ్డు కదిలింది, అందుకే పంట నిలవటం లేదు అన్నాడు. ఇన్ని మందులు మార్చినవాళ్లు ఒక రాయి మార్చి చూద్దామనుకుంటే తప్పేంది?

జ్యోతిర్మయి పేరు సంగతి నేను అడగలేదనుకోకు. కార్డు అచ్చుకు ఇచ్చే ముందే అడిగాను. "అమ్మా, ఆ పేరు వేస్తే నలుగురూ వచ్చి నా మీద పడతారు. మామయ్యకు కార్డు ఇస్తున్నాంగా" అన్నాడు వాడు. "మామయ్య ఒక్కడే ఊరివాడు ఎట్టా అయ్యాడురా, ఆయన కడుపున పుట్టింది ఎట్టా కాకుండా పోయిందిరా" అన్నాను. "నువ్వు ఊరుకో" అన్నాడు. పండగ కమిటీకి పెద్ద అయిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా మైకులో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు.

వాడూ జ్యోతిర్మయీ ఒక ఈడు వాళ్లు. చిన్నప్పుడు దర్శిలో మీ ఇంటికొస్తే ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు. వాడికి గుర్తులేదేమోగాని నాకుంది.

నువ్వొక్కడివీ రా. ఇంట్లోనే కూర్చుందువు, రాయికాడికి రావద్దులే. సుబ్బమ్మత్త పోయాక ఊళ్లో పెద్ద ఆడపడుచును నేనే. మేనరికం చేసుకుని ఇక్కడే ఉండిపోయినందుకు ఆ వరస నాకొచ్చింది. రాయి మీద మొదటి బిందె నేనే పోయాలి. అది చూడ్డానికన్నా రా.

డెబ్బై దాటినోడివి, అద్దె సైకిళ్లెక్కి బుద్ధుణ్ణి వెతుక్కుంటా తిరుగుతున్నావా? ఆయన ఎక్కడికీ పోడు. నువ్వే ఎక్కడో మట్టిరోడ్డు మీద పడిపోతావు.

నీ చెల్లెలు
వెంకటేశ్వరమ్మ

*

నల్లపాడు,
జనవరి 6

వెంకటేశ్వరమ్మకు,

నేను జమ్మిపాలెం వచ్చి వెళ్లాను. నీ ఇంటికి రాలేదు.

కురిచేడు స్టేషన్లో దిగాను. బయట గౌస్ బాషా అని ఒకతను మోటారు సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. పాత రోజుల గుర్తుగా రెండు అద్దె సైకిళ్లు ఉంచుకున్నాడు. "ఎవరికండీ, మనవడికా?" అన్నాడు. నాకే అన్నాను. "దిగేటప్పుడు కాలు అందుద్దా?" అన్నాడు. అందుతుందని ఎక్కి దిగి చూపించాను. అయినా నా ఆధార్ కార్డు తాకట్టు పెట్టమన్నాడు. "నేను తిరిగి రానని భయమా?" అంటే, "మీరు రాకపోయినా ఫర్లేదండీ, సైకిల్ రావాలి" అన్నాడు. ఈ మధ్య నాతో ఇంత నిజాయితీగా మాట్లాడినవాళ్లు లేరు.

మధ్యాహ్నం వేళ మీ ఊరు చేరాను. అందరూ మిరపకోతకు పోయారు. బొడ్రాయి దగ్గర ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. తరతరాల పసుపు, కుంకుమ, నూనె కలిసి రాయి మీద బెరడు కట్టాయి. రూపాయి బిళ్లతో ఒక పక్క గీకాను. కింద చెక్కిన తామరపువ్వు బయటపడింది, సగమే. మిగతా సగం భూమిలో ఉంది. రాయికి ఎనిమిది పలకలు. అది పలనాటి సున్నపురాయి. ఇలాంటి స్తంభాలు బౌద్ధస్తూపం చుట్టూ కంచెలాగా నిలబెట్టేవారు.

ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనా? మన దిబ్బచేను. మీరు మిరపకాయలు ఆరబోసే ఆ మెరక ఉందే, దాని కింద స్తూపం ఉంది. మన తాత అందులోంచి జానెడు మందం ఇటుకలు తీసి గొడ్లపాకకు గోడ పెట్టాడు, నువ్వే ఆ గోడకు పిడకలు కొట్టావు. స్తంభాన్ని ఏ ముత్తాతో ఊరి నడిమికి లాక్కొచ్చి బొడ్రాయి అన్నాడు.

అంటే ఏమిటి? నా భార్య చూస్తే మైలపడుతుందని మీరు దాచుకున్న రాయి మీది కాదు. అది కులం లేదన్నవాళ్ల రాయి. తిండికీ నీళ్లకూ ఎవరింటి ముందైనా గిన్నె పట్టిన భిక్షువుల రాయి. ఆ రాయి పేరు చెప్పి పాలు తాగే పిల్లను ఎండలో నిలబెట్టారు.

పురావస్తు శాఖకు అర్జీ రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. అది అందిన మర్నాడు అధికారులు వస్తారు, రాయి కదిలించవద్దంటారు, మీ పండగ ఆగిపోతుంది. పత్రికవాళ్లకు కూడా ఒక కాపీ. పంపకుండా ఉండాలంటే ఒకటే షరతు. ఫాల్గుణంలో ఊరంతా వింటుండగా పొలిమేర దగ్గర నా కూతుర్ని పేరు పెట్టి పిలవాలి. ఊరి ఆడపడుచు అని పిలవాలి.

మీ కమిటీ పెద్దకు చదివి వినిపించు. మైకులో చదివినా నాకు అభ్యంతరం లేదు.

యల్లమంద

*

జమ్మిపాలెం,
జనవరి 19

అన్నయ్యకు,

బెదిరింపు ఊరికి, ఉత్తరం నాకు. నేనైతే చదువుతానని కదా.

లక్ష్మీకాంత్‌కు చదివి వినిపించాను. వాడు లేచి నిలబడ్డాడు. "మామయ్యను అర్జీ పెట్టుకోమను. ఆఫీసోళ్లు గుంటూరులో జీపెక్కే లోపల ఆ రాయి సాగర్ కాలవలో ఉంటది. ఏ రాయి, ఎక్కడి రాయి అంటాం. ఊళ్లో ఒక్కడు నోరు తెరవడు" అన్నాడు. వాడు అన్నంత పనీ చేస్తాడు, మేనమామవు నీ పోలికే. ఇప్పుడు చెప్పు, నీ బుద్ధుణ్ణి కాలవపాలు చేసేది ఎవరు?

ఇంకో సంగతి. నేను జ్యోతిర్మయికి ఫోన్ చేశాను. పనిచేసే కోల్డ్ స్టోరేజీలో ఉంది, వెనక మిర్చి బస్తాల హమాలీల కేకలు. సంగతంతా చెప్పాను. అంతా విని, "ఏంటత్తా, నా పేరు పెట్టి నాన్న మీతో కొట్లాడుతున్నాడా? నాకు ఒక్క ముక్క చెప్పలేదే" అంది. "చీర కోసం కాదమ్మా, పేరు కోసం" అన్నాను. "నా పేరుకేమైంది? గుంటూరు మిర్చి యార్డులో నా పేరు తెలియనివాళ్లు లేరు" అంది. మాట నీదే, గొంతు వదినది.

ఇక పెట్టేస్తదనుకున్నా. పెట్టలా. "అమ్మ ఆ రోజు ఎక్కడ నిలబడింది అత్తా?" అని అడిగింది. పొలిమేరకు అవతల, కొండారెడ్డి పొగాకు కాల్చే బేరన్ కొట్టం పక్కన అని చెప్పాను. "ఎంతసేపు?" అంది. "మేం నీళ్లు పోసి వచ్చేదాకా" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

నాకు ఆ పిల్ల కోపం చూస్తే నీ కోపం మీద భయం తగ్గింది. నువ్వు అరుస్తావు. అది అడుగుతుంది.

అర్జీ సంగతి ఏం చేస్తావో నీ ఇష్టం. కాని నన్ను మధ్యలో పెట్టి రాయబారాలు నడపవద్దు. ఈ ఊళ్లో బతకాల్సింది నేను.

వెంకటేశ్వరమ్మ

*

నల్లపాడు,
ఫిబ్రవరి 17

వెంకటేశ్వరమ్మకు,

నువ్వు ఫోన్ చేసిన సాయంత్రం నా కూతురు ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "వచ్చే ఆదివారం ఎక్కడికి?" అంది. చందవరం అన్నాను. "నేనూ వస్తా" అంది. గుండె పరీక్షల గురించి ఉపన్యాసం వస్తుందనుకుని సమాధానం సిద్ధం చేసుకున్నవాణ్ణి, వృథా అయింది.

దొనకొండలో సైకిళ్లు దొరకవని కురిచేడులోనే దిగి, గౌస్ బాషా రెండు సైకిళ్లూ తీసుకుని మళ్లీ ప్యాసింజరులో ఎక్కించాం. "ఈసారి నా కార్డు తీసుకోండి, ఈయనది వదిలెయ్యండి" అని జ్యోతిర్మయి అంటే, అతను ఇద్దరివీ తీసుకున్నాడు.

దారంతా పత్తి తీసేసిన చేలు, ఎండిన కట్టె. నా సైకిల్ గొలుసు పదేపదే ఊడుతుంటే ఆమే దిగి వేసింది. చేతులు నల్లగా చేసుకుని, మళ్లీ ముందుకు వెళ్లిపోయింది. గుండ్లకమ్మ ఒడ్డున చిన్న కొండ, పైన స్తూపం. ఎక్కి చూస్తే ఏటి మలుపంతా కనిపిస్తుంది. స్థలం ఎంచుకోవడం వాళ్లకు బాగా తెలుసు.

తిరిగి వస్తూ దారిలో ఒక చిన్న ఊళ్లో ఆగాం. వేపచెట్టు కింద పలకరాయి, దాని మీద కూర్చున్న బుద్ధుడు, ముఖమంతా పసుపు, కొత్త రవికెగుడ్డ. ఒకావిడ దీపం పెడుతోంది. "ఎవరమ్మా ఈ దేవత?" అన్నాను. "పిల్లల తల్లండీ. కడుపు పండకపోతే మొక్కుకుంటాం" అంది. నా నాలుక మీదికి ఒక పాఠమంతా వచ్చింది. జ్యోతిర్మయి నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "చెప్పి ఏం చేస్తావు? అమరావతి రాళ్లకు ఎవరూ పసుపు పూయకే కదా వాటిని సున్నపు బట్టీల్లో కాల్చారు, నువ్వే చెప్పావు. ఈవిడ పూసింది కాబట్టి ఇది మిగిలింది" అంది.

అది నిజం. నాకు నచ్చలేదు, కాని నిజం. మీ ఊరివాళ్లు ఆ స్తంభాన్ని తప్పుగా అర్థం చేసుకోకపోయి ఉంటే అది ఎప్పుడో ఎవరి గోడలోకో సున్నంగా పోయేది. మన తాత ఇటుకల గతి చూశావుగా.

అర్జీ చించేశాను. నీ కొడుకు బెదిరింపుకు భయపడి కాదు, ఆ మాట వాడితో ప్రత్యేకంగా చెప్పు. పేరు కోసం రాయిని పణంగా పెట్టడం నా పద్ధతి కాదు గనక. కాలవలో వేయకుండా ఆపగలిగితే ఆపు. ఆపలేకపోతే అది నీ ఊరి పాపం.

కాని పండగనాడు మేం వస్తున్నాం. లోపలికి కాదు. సిద్దికా నిలబడ్డ చోట నిలబడతాం. పొలిమేర బయట నిలబడే హక్కు ఎవరి కమిటీ చేతిలోనూ లేదు. ఈ మాట నాది కాదు, జ్యోతిర్మయిది. "నీ కోపం మోయడానికి రాను నాన్నా. అమ్మ ఏం చూసిందో చూడ్డానికి వస్తా" అంది.

షరతులేమీ లేవు. ఊరు కట్టేసుకోండి.

యల్లమంద

*

జమ్మిపాలెం,
మార్చి 14

అన్నయ్యకు,

మీరు వచ్చిందీ పోయిందీ తెలుసు. బయట ఏం జరిగిందో ఒక్కడూ నాకు చెప్పటం లేదు. ముందు లోపల ఏం జరిగిందో నేను చెప్తా.

పొద్దున్నే డప్పు మోగింది, సున్నంతో పొలిమేర గీత గీశారు, ఊరు కట్టేశారు. కొత్త రాయి నిలబెట్టారు. ఆడపడుచులమంతా బిందెలతో వరసలో ఉన్నాం. ఎవరో పిల్లలు పరిగెత్తుకొచ్చి, బేరన్ కాడ ఒక తాత, ఒక ఆంటీ సైకిళ్లు ఆనించి నిలబడ్డారని చెప్పారు. అందరూ నా మొహం చూశారు. మా వాడు మాత్రం చూడలా.

పంతులుగారు "పెద్ద ఆడపడుచు ముందుకు రావాలి" అన్నారు. వచ్చాను. బిందె ఎత్తి, కిందికి దించి, దాని పక్కనే కూర్చున్నాను. "ఏందమ్మా?" అన్నాడు లక్ష్మీకాంత్. "మోకాళ్లు నొప్పి" అన్నాను. "పోసి కూర్చో" అన్నాడు. "ఊరి ఆడపడుచులందరూ లోపలికి వచ్చినాక పోయాలి కదా. ఒకతె ఎండలో ఉంది. అది వచ్చేదాకా కూర్చుంటా" అన్నాను.

గోల గోల అయింది. వెనక బిందెలు పట్టుకున్నవాళ్లు నన్ను దాటి నీళ్లు పోయలేరు. మొదటి బిందె నాది. నన్ను తీసేసి ఇంకొకరిని పెడదామన్నారు. "పెట్టండి, అప్పుడు పంట పోతే నా పేరు చెప్పవద్దు" అన్నాను. ఆ మాటకు అందరూ వెనక్కి తగ్గారు. తామరపురుగు ఎవరి మాటా వినదు గాని భయం మటుకు వింటది.

పంతులుగారు గడియారం చూసి ముహూర్తం పోతోందన్నారు. లక్ష్మీకాంత్ నా ముందు కూలబడి, చెవి దగ్గర నోరు పెట్టి, "పరువు తీశావే అమ్మా" అన్నాడు. "పరువు కాదురా, బిందె. బరువుగా ఉంది. తొందరగా పోయి పిలువు" అన్నాను.

చీర పళ్లెంలో పెట్టుకుని, డప్పులోళ్లను తీసుకుని పోయాడు. తిరిగొచ్చేటప్పుడు చీర మడత చెదరకుండా వాడి చేతిలోనే ఉంది. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీళ్లు పొయ్యమ్మా, అయిపోయింది" అన్నాడు. అంతకుముందే డప్పు మూడుసార్లు మోగటం విన్నాను, పిలుపు అయిందని తెలిసింది. ఆ చీర తెచ్చి నా మీద కప్పాడు. నేను పోశాను.

పాత రాయి కాలవకు పోలా. దిబ్బచేలో, కల్లం పక్కన నిలబెట్టించాను. ఎవరూ అడ్డం చెప్పలా. నన్ను చూసి ఇప్పుడు ఊళ్లో కొంచెం జంకుతున్నారు, బాగానే ఉంది.

బయట ఏమైంది? జ్యోతిర్మయి ఎందుకు రాలా?

వెంకటేశ్వరమ్మ

*

నల్లపాడు,
మార్చి 23

వెంకటేశ్వరమ్మకు,

నీ బిందె సంగతి నాకు తెలియదు. లక్ష్మీకాంత్ తనంత తానే వచ్చాడనుకుని రెండు వారాలు వాడి మీద కొంచెం మంచి అభిప్రాయంతో ఉన్నాను. ఇప్పుడు ఆ అభిప్రాయం నీ మీదికి మార్చుకుంటున్నాను. ఆనాటి కోపం నీ మీద ఇంకా కొంత మిగిలే ఉంది, అయినా సరే.

వాడు గీత దాటకుండా లోపలే ఆగాడు. వెనక నలుగురు పెద్దమనుషులు, డప్పులవాళ్లు. "జ్యోతిర్మయీ, రామ్మా, ముహూర్తం పోతోంది" అన్నాడు. ఆమె సైకిల్ దగ్గర నుంచి కదలలేదు. "ముందు మా అమ్మను పిలువు బావా" అంది.

వాడికి అర్థం కాలేదు. "అత్త లేదుగా" అన్నాడు.

"లేదు. అందుకే అడుగుతున్నా. నన్ను పిలిస్తే నేను లోపలికొస్తానని మీకు ఇబ్బంది. ఆమె రాదు. పిలిస్తే మీకేం పోతుంది?"

పెద్దమనుషుల్లో ఒకాయన, "పోయినవాళ్ల పేరు ఎట్టా పిలుస్తారమ్మా" అన్నాడు. "మొన్న మైకులో మీ తాతల పేర్లన్నీ చదివారట కదండీ, వాళ్లు మిరపకోతకు పోయారా?" అంది. డప్పుల్లో ఒకతను నవ్వి, మళ్లీ మొహం సర్దుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆ గీత దగ్గర చెప్పాలని దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ అవసరం కాలేదు.

లక్ష్మీకాంత్ నా వంక చూశాడు. నేను ముఖం తిప్పుకోలేదు. అప్పుడు వాడు పళ్లెం పక్కవాడి చేతికిచ్చి పిలిచాడు. "ఊరి కోడలు సిద్దికా." ఒక దెబ్బ డప్పు. మొదటిసారి తన కాళ్ల వంక చూస్తూ గొణిగాడు. రెండోసారి వాళ్లకే వినపడింది. మూడోసారి ఊరివైపు తిరిగి పిలిచాడు.

జ్యోతిర్మయి గీత దాకా వచ్చి, చీర ముట్టుకుని చూసి తిరిగి పళ్లెంలో పెట్టింది. "ఇది మా అత్తకు కప్పు. పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండదు" అంది. "లోపలికి రావా?" అన్నాడు వాడు, ఈసారి కమిటీ గొంతుతో కాదు. "నాకు లోపల పనేం లేదు బావా" అని సైకిల్ ఎక్కింది.

పాత రాయి నిలబెట్టించినందుకు సంతోషం. ఎవరైనా దానికి దేవత పేరు పెడితే పెట్టనీ, నువ్వు మటుకు పసుపు మానవద్దు.

ఇక ఊరి సంగతి. నేను క్షమించానని ఎవరైనా అంటే ఖండించు. పెదనాన్న కర్ర ఎత్తిన చెయ్యిని నేను చచ్చేదాకా మరిచిపోను. నా కూతురు వాళ్ల చీర కట్టలేదు, వాళ్ల నీళ్లు పోయలేదు, గీత దాటలేదు. వాళ్లు ఇచ్చిందేదీ మేం తీసుకోలేదు. వాళ్ల దగ్గర్నుంచి రావాల్సిన పేరు మాత్రం వసూలు చేసుకుని వచ్చాం.

నీ కొడుకు మూడోసారి బాగా పిలిచాడు. ఆ మాట వాడితో నువ్వే చెప్పు. నేను చెప్పను.

నీ అన్న
యల్లమంద